తొడిమ దగ్గర కోత

మంగళవారం పొద్దున ఎనిమిది కాకముందే ఎర్లిందా కోతబల్ల చుట్టూ నలభై మంది రైతులు మూగారు. ఒక్కడూ లారీ తేలేదు. ప్రతివాడి చేతిలో ఒక సంచి, సంచిలో నాలుగైదు నారింజలు. ఉత్తరపు గాలి ఇంకా ఆగలేదు. టోపీలు చెవుల మీదికి లాక్కుని, కాలు మార్చి కాలు మీద నిలబడుతూ అందరూ ఆమె చేతిలోని కత్తివంకే చూస్తున్నారు.

"ముందు నాది కొయ్యి ఎర్లిందా. ఆరింటి నుంచీ ఇక్కడే ఉన్నా."

"ఆరింటికి గేటే తియ్యలేదు, అబద్ధాలకోరా!"

"ఎవరిదీ కొయ్యను," అంది ఎర్లిందా, కత్తి నడుముకి కట్టుకున్న గుడ్డలో దోపుకుంటూ. "ఇవాళ కోస్తే ఏం తెలుస్తుందయ్యా? లోపల మంచుముక్కలుంటే మధ్యాహ్నానికి కరిగిపోతాయి. ఆ తర్వాత మామూలు కాయలాగే కనబడుతుంది. చచ్చిన కాయకి తను చచ్చానని తెలియడానికే నాలుగు రోజులు పడుతుంది. శుక్రవారం రండి."

"శుక్రవారం దాకా ఏం చెయ్యమంటావు మమ్మల్ని?"

"మీ ఆవిడతో పోట్లాడుకో. రోజూ చేసే పనేగా."

నవ్వారు గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సోమవారం రాత్రి పడింది నల్లమంచు. ఆకు మీద తెల్లపొర కూడా కనిపించకుండా, పొడిగా వచ్చి, చెట్టుని లోపలినుంచి పట్టేసే మంచు. మోంతెమొరేలోస్ ఊరి చుట్టుపక్కల తోటలన్నీ కాయతో నిండి ఉన్న రోజుల్లో వచ్చి పడింది. కళ్ళకి ఏమీ కనబడదు. చెట్లు పచ్చగా, కాయలు పసుపుపచ్చగా నిన్నటిలాగే ఉన్నాయి. ఆ ఉండటమే మనుషులకి పిచ్చెక్కిస్తోంది.

ప్యాకింగ్ షెడ్డు గేటు లోపల సిమెంటు అరుగు, దాని మీద ఎర్లిందా బల్ల. లారీ వచ్చి అరుగు పక్కన ఆగుతుంది. ఆమె పైనుంచి ఒక కాయ, నడుమనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీస్తుంది. అందరూ కోసినట్టు కాయని నడిమికి కొయ్యదు. తొడిమకి వేలెడు కిందగా కోస్తుంది. మంచు దెబ్బ ముందు అక్కడే తెలుస్తుంది. తొనల మధ్య తెల్లటి చుక్కలు, తర్వాత ఎండిపోయిన గింజల్లాంటి రసం తిత్తులు. చూసి, కేక వేస్తుంది. "బజారుకాయ!" అంటే లారీ కుడివైపు తిరిగి కడిగే బెల్టు దగ్గరికి పోతుంది. "రసంకాయ!" అంటే ఎడమవైపు, రసం గుంటకి. బజారుకాయకి ఇచ్చే ధరలో రసంకాయకి ఆరోవంతు కూడా రాదు. కాటా దగ్గర కూర్చునే అబుందియో ఆమె అన్నదే చీటీ మీద రాస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ అరుపుకి ఎదురు చెప్పిన రైతు లేడు. షెడ్డుని నమ్మేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు, ఎర్లిందాని నమ్ముతారు. ఆ సంగతి షెడ్డుకి బాగా తెలుసు.

మధ్యాహ్నం ఆమె బస్‌స్టాండు దగ్గరికి నడిచి వెళ్ళింది. మొగుడు చోన్ అక్కడ నారింజరసం బండి పెడతాడు. బండి పక్కన నిలబడి ఇద్దరూ బీన్స్ చుట్టిన గోధుమ రొట్టెలు, తొర్తియాలు తింటుంటే చోన్ ఒక ఎర్ర వలసంచి ఎత్తి ఆమె ముఖం ముందు ఊపాడు.

"ఇది నిన్న నలభై అయిదు పేసోలు. ఇవాళ నూట ముప్ఫై. అదే సంచి, అదే కొట్టు. అడిగితే మంచు పడిందంటాడు. మంచు చెట్ల మీద గదా పడింది, కొట్లో ఉన్న కాయకి కూడా చలేసిందా?"

"గ్లాసు ధర పెంచావా?"

"పెంచకేం చెయ్యను? పొద్దున్నుంచి ముగ్గురు తిట్టారు. ఒకావిడ 'మీ ఆవిడ నారింజల్లోనే పడి దొర్లుతుంది కదా, నీకేం ఖర్చు' అంది. 'నారింజల్లో దొర్లుతుందమ్మా, ఇంటికొచ్చేసరికి నిమ్మకాయలా పుల్లగా ఉంటుంది' అన్నా."

ఎర్లిందా మిగిలిన తొర్తియా అతని చేతిలో పెట్టేసింది. ఆకలి వెయ్యలేదు. ఎవరి కాయ చచ్చిందో, ఎవరిది బతికిందో శుక్రవారం తన నోటితోనే చెప్పాలి. 

*

బుధవారం ఇంజినీరు బల్తాసార్ మేడ దిగి అరుగు దగ్గరికి వచ్చాడు. షెడ్డు నడిపేది ఆయనే. మోంతెరేయ్‌లో చదువుకున్న మనిషి, మాట మెత్తన, పెద్ద ఆడవాళ్ళని మర్యాదగా డోన్య అని పిలుస్తాడు, బూట్లకి ఎప్పుడూ మట్టి అంటదు.

"డోన్య ఎర్లిందా, ఈసారి మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. మోంతెరేయ్ కొనుగోలుదార్లు భయపడిపోతున్నారు. ఒక్క సంచిలో ఒక్క ఎండుకాయ దొరికినా మొత్తం సరుకు వెనక్కి కొడతామంటున్నారు. మూడు కాయలు చాలవు. బండికి పది కొయ్యండి."

"పదా? కోస్తాను. పదిలో ఎన్ని పాడైతే రసం అనమంటారు?"

"ఒకటి."

"ఒకటా?" అంది ఆమె. "ఇంజినీరుగారూ, మంచు పడని ఏడాది కూడా పదిలో ఒకటి ఏదో ఒక రకంగా ఉంటుంది. తొడిమ దగ్గర ఒక చుక్క ఉన్నంత మాత్రాన..."

"మీ పేరు మీదే ఈ షెడ్డు నిలబడింది. రేపు సరుకు తిరిగొస్తే ముందు మీ పేరే పోతుంది. నేను మీ కోసమే చెబుతున్నా."

అది నిజమే అనిపించింది ఆమెకి. మెత్తగా చెప్పినవన్నీ అలాగే అనిపిస్తాయి.

రైతులు శుక్రవారం దాకా ఆగలేకపోయారు. గురువారం లారీలు వచ్చాయి. చలిగాలి నిలవని గట్టుమీది తోటలవాళ్ళు తమ కాయకి ఏమీ కాలేదన్న నమ్మకంతో ముందు వచ్చారు. ధర ఎక్కడికో పోయిందని రేడియో గంటకోసారి చెబుతుంటే ఇంట్లో ఎవరు కూర్చుంటారు? ఎర్లిందా బండికి పది చొప్పున కోసింది. తొమ్మిది కాయలు కత్తి దిగగానే చెయ్యంతా తడిపేసేవి. పదోదాంట్లో ఎక్కడో సూదిమొనంత తెల్లచుక్క. పదకొండు లారీలు వస్తే తొమ్మిదింటికి రసం అని అరిచింది.

ముసలి ఎలెయుతేరియో తన లారీ పక్కన టోపీ తీసి నిలబడ్డాడు. ఆయన పచ్చ లారీకి ఒకవైపు తలుపు లేదు, తాడు కట్టి ఉంటుంది.

"రసమేనా తల్లీ?"

"రసమే, తాతా."

"మంచి ఎత్తు మీద ఉంది నా తోట. నేననుకున్నా..." అన్నాడు. తర్వాత టోపీ పెట్టుకున్నాడు. "సరే. నువ్వన్నావంటే అంతే."

రసం గుంట నిండిపోయిందని, లారీలు వెనక షెడ్డులో వదిలి వెళ్ళమని, పొద్దున ఖాళీ చేసి పెడతామని షెడ్డు మనుషులు చెప్పారు. ఎలెయుతేరియో తాళంచెవి ఇచ్చేసి నడుచుకుంటూ పోయాడు. "నువ్వన్నావంటే అంతే" అన్న మాట ఎర్లిందాని ఇంటిదాకా వెంటాడింది. పడుకున్నా వదలలేదు. చోన్ విసుక్కుని దుప్పటి మొత్తం తనవైపు లాక్కున్నాడు.

*

శుక్రవారం రోడ్డు మీద ఒక లారీ అడ్డం తిరిగి బస్సు వెనక వీధిలోంచి వచ్చింది. డ్రైవరు ఎర్లిందాని షెడ్డు వెనక గేటు దగ్గర దింపాడు. ఆ గేటులోంచి ఆమె ఎప్పుడూ రాదు. లోపలికి వచ్చేసరికి ఎదురుగా, కడిగే బెల్టు దగ్గర, తాడు కట్టిన తలుపుతో ఎలెయుతేరియో పచ్చ లారీ నిలబడి ఉంది. ఇద్దరు మనుషులు పారలతో కాయని బెల్టు మీదికి దొర్లిస్తున్నారు. కాయ నీళ్ళలోంచి, బ్రష్షుల కిందనుంచి, మైనం పట్టించే రోలర్ల మీదనుంచి మెరుస్తూ పోయి అవతల ఆడవాళ్ళ చేతుల్లోని ఎర్ర వలసంచుల్లో పడుతోంది. దాని వెనక ఇంకో లారీ. దాని వెనక ఇంకోటి. గురువారం తను రసమన్నవే అన్నీ.

ఆమె రసం గుంట దగ్గరికి వెళ్ళి చూసింది. అడుగున రెండు మూరల ఎత్తు కాయ కూడా లేదు.

ఒళ్ళు మండిపోయింది ఎర్లిందాకి. తర్వాత సిగ్గేసింది. ఆ సిగ్గు మంటకంటే ఎక్కువగా బాధించింది. గొంతు తనది, దొంగతనం వాళ్ళది. ఇకమీద చోన్ కొనే సంచిలో కూడా అలాంటి కాయే ఉంటుంది. రైతు దగ్గర చచ్చిన కాయగా కొన్నది, కొట్లోకి వచ్చేసరికి మూడింతల ధరకి బతికి కూర్చుంటుంది.

కాటా గదిలో అబుందియో కాఫీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

"నీకు తెలుసా?" అంది ఆమె.

అతను కళ్ళెత్తలేదు. "నువ్వు అరిచింది రాస్తాను. అంతకుమించి నాకేమీ తెలీదు. తెలుసుకునే వయసు కూడా దాటిపోయింది."

"నీకు యాభై ఎనిమిదేగా."

"అందుకే అంటున్నా. ఇంకో రెండేళ్ళ ఉద్యోగం మిగిలుంది నాకు."

ఆ రోజంతా ఆమె పది చొప్పునే కోసింది. ఒక చుక్క కనబడితే రసమే అంది. మెడమీద ఎవరో చెయ్యి వేసి ఉన్నట్టు తల తిప్పకుండా పని చేసింది. రెండుసార్లు అరుపు మరీ చిన్నగా వచ్చి, అబుందియో చెయ్యి చెవికి పెట్టుకుని మళ్ళీ అడగాల్సి వచ్చింది. సాయంత్రం బట్టలు మార్చుకోకుండానే ఏటి ఒడ్డున నికానోర్ తోటకి వెళ్ళింది.

నికానోర్ పెద్దకూతురి జ్ఞానస్నానానికి ఎర్లిందా జ్ఞానతల్లిగా నిలబడింది. అప్పటినుంచీ అతను ఆమెని పేరు పెట్టి పిలవలేదు. కొమాద్రే అంటాడు, ఆమె అతన్ని కొంపాద్రే అంటుంది. తోబుట్టువుల మాటకంటే ఆ మాటకి ఎక్కువ బరువు. నికానోర్, అతని భార్య ఒబ్దూలియా నిచ్చెనలేసుకుని కాయ కోస్తున్నారు. రెండు రోజులుగా ఇద్దరే కోస్తున్నారు. కూలీలకివ్వడానికి చేతిలో ఏమీ లేదు.

"రా కొమాద్రే, రా! కాయకేం కాలేదు, చూడు," అంటూ నికానోర్ ఒక నారింజని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. "ఎంత బరువుందో చూడు. మా ఆవిడ తలకాయంత బరువు."

"నా తలకాయలో కనీసం రసముంది," అంది ఒబ్దూలియా నిచ్చెన మీదనుంచి.

ఎర్లిందా ఆ కాయ చేతిలోకి తీసుకుంది. బరువుగానే ఉంది. కాని మంచు దెబ్బ తిన్న కాయ మూడు వారాలదాకా బరువు తగ్గదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, అతనికీ తెలుసు. కత్తి నడుము దగ్గరే ఉంది. చెయ్యి దానిమీదికి పోయి ఆగింది. కోత పూర్తయ్యేదాకా సొంత చెట్టు కింద కాయని కత్తితో చీల్చి లోపల ఎవరూ చూడరు. చీలిస్తే చెట్టు కీడు పిలుస్తుందని తాతల కాలంనుంచీ ఉన్న భయం. మంచు పడ్డ ఏడాదైతే ఆ భయం ఇంకా ఎక్కువ. తోటలో కత్తి తీసినవాడిని పక్కతోటవాళ్ళు కూడా తిడతారు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పల్లపు నేల మీద, ఏటి చలిగాలి వచ్చి నిలిచిపోయే చోట, కాయ ఎలా ఉండి ఉంటుందో అనుమానం రాకపోలేదు. ఆ అనుమానాన్ని వద్దనుకుంది.

వంటింట్లో ఒబ్దూలియా గుడ్డులో ఎండుమాంసం పీచు వేసి వేయించి పెట్టింది. తింటూ ఎర్లిందా పొద్దున చూసిందంతా చెప్పేసింది. నికానోర్ తినడం ఆపేశాడు.

"అంటే మంచికాయని కూడా రసమనిపిస్తున్నారు నీ చేత."

"అనిపించారు. రేపట్నుంచి అనను. నీ లారీ రేపు తీసుకురా. మూడే కోస్తాను, పాత పద్ధతిలో. కంటికి ఏం కనబడితే అదే అరుస్తాను. ఇంజినీరు కాదు, వాళ్ళ తాత వచ్చి పక్కన నిలబడినా సరే."

"నీ ఉద్యోగం పోతుంది కొమాద్రే."

"పోతే చోన్ బండి తోస్తాను."

ఒబ్దూలియా ఆమె పళ్ళెంలో ఇంకో తొర్తియా వేసింది. ఒబ్దూలియా చేతులు చలికి పగిలి వేళ్ళమధ్య రక్తం చారలు కట్టాయి. "ఈ పంట పోతే అప్పిచ్చినవాళ్ళు పంపుసెట్టు పట్టుకుపోతారు వదినా," అంది. "పంపు లేకపోతే వచ్చే ఏడాది చెట్లే ఉండవు."

*

శనివారం గేటు తీసేసరికి లారీల వరుస రోడ్డు మలుపు దాటింది. ఏం విన్నారో, ఎవరు చెప్పారో, రైతులు బండ్లు వదిలి అరుగు చుట్టూ గుమిగూడారు. ఇంజినీరు కూడా వచ్చి ఎర్లిందా వెనకే నిలబడ్డాడు. మోంతెరేయ్‌నుంచి వచ్చిన రెండు పెద్ద ట్రక్కులు సరుకు కోసం ఇంజిన్లు ఆపకుండా బయట కాచుకుని ఉన్నాయి.

మొదటి లారీ నికానోర్‌ది. ఒబ్దూలియా ముందు సీట్లో చర్చికి కప్పుకునే నీలం శాలువా కప్పుకుని కూర్చుంది. నికానోర్ లారీ దిగి ఎర్లిందావంక చూసి ఒక కన్ను మూశాడు.

ఆమె పైనుంచి ఒక కాయ తీసింది. తొడిమకి వేలెడు కింద కత్తి పెట్టి కోసింది.

చెయ్యి తడవలేదు.

తొనల మధ్య తెల్లటి చుక్కలు, ఉప్పు చల్లినట్టు. తిత్తులు ముడుచుకుపోయి ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. ఆమె రెండోది కోసింది. నడుమనుంచి తీసింది. అదీ అంతే. మూడోదానికి లారీ అడుగుకంటా చెయ్యి పెట్టి, భుజం నొప్పెట్టేదాకా వెతికి, ఒక గుండ్రటి బరువైన కాయ తీసింది. దేవుడా, ఇదొక్కటైనా, అనుకుంది. కోసింది. అన్నిటికంటే అదే అన్యాయంగా ఉంది.

బజారుకాయ అని ఒక్క అరుపు అరిస్తే? ఆ మాట నాలుక మీదికి వచ్చింది. ఇంజినీరు తనచేతే మళ్ళీ కోయించి అందరి ముందూ అబద్ధాలకోరు అంటాడు, తను నిజంగానే అది అయి కూర్చుంటుంది. ఆ తర్వాత ఈ అరుగు మీదనుంచి తను ఏ మంచికాయని మంచిదన్నా ఎవడు వింటాడు? ఎదురుగా నికానోర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. రాత్రి తన పళ్ళెంలో వేసిన తొర్తియా గుర్తొచ్చింది ఆమెకి.

"రసం," అంది.

"వినపడలేదు," అన్నాడు అబుందియో కాటా గదిలోంచి. పాపం, అతనికి నిజంగానే వినపడలేదు.

"రసంకాయ!"

నికానోర్ నవ్వు ముఖం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"నిన్న మా ఇంట్లో తిన్నావు కొమాద్రే," అన్నాడు. "ఒబ్దూలియా చేతి వంట తిన్నావు. రాత్రికి రాత్రి ఎంతిచ్చాడు నీకు?"

రైతుల్లో గుసగుసలు లేచాయి. ఎవరో "థూ" అన్నారు. ఇంజినీరు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"చూశారా? సొంతవాళ్ళని కూడా చూడదు మా డోన్య ఎర్లిందా. అందుకే ఆమె మాటంటే మాకు గురి."

ఎర్లిందా ఆ చెయ్యిని పురుగుని దులిపినట్టు దులిపేసింది. కత్తి తిప్పి పిడి నికానోర్ వైపు చాచింది. పంతొమ్మిదేళ్ళలో ఆ కత్తి ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

"నువ్వే కొయ్యి."

"ఏమిటి?"

"ఇక్కడ నీ చెట్టు లేదు, కీడూ లేదు. ఎక్కడ కావాలంటే అక్కడనుంచి తియ్యి. తొడిమ దగ్గర కొయ్యి. మంచి కాయలు మూడు దొరికితే ఈ కత్తి నా పీకకి పెట్టు."

నికానోర్ కత్తి లాక్కుని లారీ ఎక్కాడు. ఒకటి కోశాడు. పారేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా కాయని తోడి అడుగునుంచి తీసి కోశాడు. మూలల్లోంచి తీశాడు. ఏడో ఎనిమిదో కోశాక అతని చెయ్యి నెమ్మదించింది. ఇంకోటి కోసి, ఆ రెండు ముక్కలూ చాలాసేపు చూశాడు. ముందు సీట్లో ఒబ్దూలియా శాలువా ముఖం మీదికి లాక్కుంది. 

అతను దిగి వచ్చి, కత్తి ప్యాంటుకి తుడిచి, పిడివైపు ఎర్లిందాకి ఇచ్చాడు. కళ్ళలోకి చూడలేదు.

"గుంటలో పోస్తాను," అన్నాడు. "ఇప్పుడే."

"గుంట నిండింది," అన్నాడు ఇంజినీరు. "బండి వెనక షెడ్డులో వదిలి వెళ్ళు. పొద్దున..."

"గుంట ఖాళీగా ఉంది," అంది ఎర్లిందా. బజారుకాయ అని అరిచే గొంతుతోనే అంది, రోడ్డు మలుపుదాకా వినపడేలా. "నిన్న నా కళ్ళతో చూశాను. గురువారం నేను రసమన్న తొమ్మిది బండ్లూ కడిగే బెల్టు మీదికి పోయాయి. ఎలెయుతేరియో తాతా, నీ కాయ మైనం పూసి సంచుల్లో పోశారు. పదింట్లో ఒక చుక్క ఉంటే రసమనమన్నారు, నేను అన్నాను. తప్పు నాది. ఆ తొమ్మిదీ మంచికాయలే. ఈ నికానోర్ కాయ మాత్రం నిజంగా రసంకాయ. రెండూ నా నోటితోనే చెబుతున్నా."

"నోరు జాగ్రత్త!" అన్నాడు ఇంజినీరు. మెత్తదనం ఎటుపోయిందో!

నికానోర్ లారీ స్టార్ట్ చేసి ఎడమవైపు తిప్పాడు. రైతులు ఒక్కొక్కరే దాని వెనక నడిచారు. గుంట అంచున నిలబడి లోపలికి చూశారు. ఖాళీ గుంట అందరికీ ఒకేలా కనబడింది. నికానోర్ వెనక పలక తీశాడు. రెండు రోజులు ఇద్దరు మనుషులు నిచ్చెనలెక్కి కోసిన కాయ దబదబా గుంటలో పడింది. చివరి కాయ పడేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

రెండో లారీ డోన్య ట్రాన్సితోది. గట్టుమీది తోట. ముసలావిడ చేతికర్ర పట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంది. ఎర్లిందా మూడు కాయలు కోసింది. రసం మణికట్టుదాకా కారింది.

"బజారుకాయ!"

"పది కొయ్యమన్నాను," అన్నాడు ఇంజినీరు.

ఆమె ఇంకో ఏడు కోసింది. ఒకదాంట్లో చిన్న చుక్క ఉంది. దాన్ని దాచలేదు, పైకెత్తి అందరికీ చూపించింది. తర్వాత తొమ్మిది మంచి కాయల ముక్కలూ బల్ల మీద వరుసగా పరిచింది.

"అబుందియో! రసమని రాయి," అన్నాడు ఇంజినీరు.

అబుందియో చీటీ మీద పెన్సిలు పెట్టి ఉంచాడు. చెమట పట్టింది అతనికి, అంత చలిలో. గుంట వైపునుంచి నికానోర్ వచ్చి కాటా గది కిటికీ దగ్గర నిలబడ్డాడు. చొక్కానిండా ఆకులు, చేతులనిండా మట్టి.

"నా కాయ రసమని ఆవిడ అంటే పోసొచ్చాను," అన్నాడు కిటికీలోకి వంగి. "నా ఏడాదంతా పోసొచ్చాను. ఇప్పుడు ఈ ముసలమ్మ కాయ బజారుదని అంటోంది. నువ్వు ఇంకోటి రాస్తే, ఒరే అబుందియో, ఈ వరుసలో ఒక్క బండి కూడా కదలదు. బయట ఆ రెండు ట్రక్కులూ ఖాళీగానే మోంతెరేయ్ పోతాయి."

బయట పెద్ద ట్రక్కువాడు హారను కొట్టాడు. అబుందియో ఇంజినీరు వంక చూడకుండా బజారుకాయ అని రాసి చీటీ చించి ఇచ్చాడు. డోన్య ట్రాన్సితో లారీ కుడివైపు తిరిగింది.

ఇంజినీరు ఎర్లిందా చెవి దగ్గరికి వంగి, "మీరు ఇంటికి వెళ్ళొచ్చు. సోమవారం కూడా రానక్కర్లేదు," అన్నాడు.

"కత్తి నాది," అంది ఆమె. తుడిచి, గుడ్డలో చుట్టి, అరుగు దిగింది. రైతులు దారి ఇచ్చారు. కొందరు టోపీలు తాకారు, కొందరు తాకలేదు. నికానోర్ ఆమెని చూడలేదు. లారీలో ఒబ్దూలియా కూడా తల తిప్పలేదు. అది ఆమెకి న్యాయమే అనిపించింది. అయినా గుండె పిండేసింది.

గేటు బయట, గోడ అవతల బస్సు ఆగే చోట నిలబడింది. చేతులు ఊరికే ఉండటం ఎరగవు, గుడ్డ అంచు మెలిపెడుతూనే ఉన్నాయి. లోపల ఏం జరుగుతోందో గోడ అడ్డంగా ఉండి కనబడదు. ఒక లారీ అరుగు దగ్గరికి వచ్చి ఆగిన చప్పుడు వినపడింది. మకారియోది అయి ఉంటుంది, వరుసలో తర్వాతివాడు అతనే. కిందటి నెలలోనే పెళ్ళయింది. బల్ల దగ్గర ఎవర్ని నిలబెట్టారు? ఆఫీసులో చీటీలు కట్టలు కట్టే పిల్లనా? ఆ పిల్ల ఇంజినీరు ఏమంటే అదే అంటుంది. పొద్దుటినుంచీ జరిగిందంతా అరగంటలో గాలికి పోతుంది.

ఎంతసేపటికీ అరుపు రాలేదు. ఎవరివో గొంతులు పెరిగి తగ్గాయి. ఇంజినీరు ఏదో అన్నాడు, బోలెడుమంది ఒకేసారి మాట్లాడారు.  ఎవరో జేబులోని మడతకత్తి తీసి కాయ కోస్తున్నట్టున్నారు, లెక్క పైకి చెబుతున్నారు. ఒకటి. రెండు. మూడు. మూడు దగ్గర ఆగింది.

"రసంకాయ!"

నికానోర్ గొంతు. అరవడం అలవాటులేక చివర పగిలింది.

ఎర్లిందా తగువు కోసం చెవులు రిక్కించింది. ఎవరూ కాదనలేదు. లారీ ఎడమవైపు తిరిగింది, వెనకే చాలామంది బూట్ల చప్పుడు నడిచింది. కాసేపటికి నిండు లారీ కాయ గుంటలో పడటం వినపడింది.

"పాపం మకారియో," అంది ఆమె పైకే. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చుంది. గురువారంనుంచి ఆ అరుపు విని సిగ్గుపడకపోవడం ఇదే మొదటిసారి.